ఉతకని చొక్కా

"ఇవ్వను. మీరిద్దరూ కలిసి లాక్కున్నా ఇవ్వను," అంది ఆదెమ్మ, మంచం మీద తన కింద పరిచి ఉన్న బొంతని రెండు పిడికిళ్లతో బిగించి పట్టుకుని.

ఆ మాట అనేసరికే ఆయాసం కమ్ముకొచ్చింది. మెడ ముందుకు సాచి, నోరు తెరిచి, గాలి కోసం వెతుక్కుంది. మాట చిటికెలో అయిపోయింది గానీ, దానికి ఖర్చయిన ఊపిరి మళ్లీ చేరడానికి చాలాసేపు పట్టింది. అయినా పిడికిళ్లు సడల్లేదు.

సంజీవరావు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. భుజం మీద తాళ్లతో చుట్టి కట్టిన కొత్త స్పాంజి పరుపు. పొద్దున్నే ఆటోనగర్ గేటు దగ్గర బందరు బస్సెక్కి, "దీనిక్కూడా టిక్కెట్టు కొట్టనా?" అని కండక్టరు చేత మాట పడి, ఉయ్యూరులో దిగి, కాలవగట్టు వెంట రెండు కిలోమీటర్లు మోసుకొచ్చాడు. వచ్చి పావుగంటయింది. దించమన్నవాళ్లు లేరు.

మెట్టు మీద కూర్చుని తోటకూర తుంచుతున్న తెరేసమ్మ తలెత్తకుండానే అంది.

"ఏం మరిదీ, కొత్తకోడలికి సారె తెచ్చినట్టు పరుపు మోసుకొచ్చావు? మరి మనిషిని మాత్రం తీసుకెళ్లవా?"

"తీసుకెళ్తా వదినా. కాస్త టైం పట్టిద్ది."

"పది రోజులన్నావు, దిగబెట్టినప్పుడు."

"ఇరవై మూడు," అంది ఆదెమ్మ మంచం మీంచి. అంతకంటే ఊపిరి ఖర్చు పెట్టలేదు.

సంజీవరావు పరుపుని మెల్లగా గోడకి ఆనించాడు. తెరేసమ్మ ఆదెమ్మకి అక్క. కట్టుకున్నవాడు పోయాక ఈ పెంకుటింట్లో ఒక్కతే ఉంటోంది. చెల్లెలు వచ్చి ఉంటానంటే కాదనలేదు. కానీ అల్లుళ్ల మీద, మరుదుల మీద, మొత్తం మగజాతి మీద ఆమెకి పాత అనుమానాలున్నాయి. అవి ఈ ఇరవై మూడు రోజుల్లో చెల్లెలి చెవిలో కొద్దికొద్దిగా దిగాయి.

"డాక్టరమ్మే చెప్పింది వదినా. మెత్తటి పరుపు మీద పడుకుంటే ఆయాసం తగ్గిద్దంట. బొంత గట్టిగా ఉంటది గదా."

అబద్ధం. నోట్లోంచి వచ్చినప్పుడే దాని కాళ్లు వంకరగా ఉన్నాయని ఆయనకే తెలిసింది.

"గట్టిగా ఉంటదా?" ఆదెమ్మ నవ్వబోయింది, దగ్గొచ్చింది. "నేను కుట్టింది గట్టిగా ఉంటదా? ఇరవై ఏడేళ్లు పడుకున్నావు దాని మీద. ఏనాడన్నా వీపు నొప్పెట్టిందా నీకు?"

"నల్లులు పట్టాయేమోనని..."

"మా ఇంట్లో నల్లులా?" తెరేసమ్మ చేతిలో కాడ అలాగే ఆగిపోయింది. "మాట చూసుకుని మాట్లాడు మరిదీ."

 సంజీవరావు చేతులు రెండూ ప్యాంటు పక్కలకి రుద్దుకున్నాడు. లారీ బ్రేకులు విప్పీ బిగించీ మొద్దుబారిన చేతులవి. సుత్తి ఇస్తే ఏ రివెట్టు ఎక్కడ కొట్టాలో వాటికి తెలుసు. మాట ఎక్కడ కొట్టాలో నోటికి తెలీదు. ఆరో క్లాసు సగంలో బడి మాని మెకానిక్ షాపులో చేరినప్పటి నుంచీ ఆయనకి చేతులే నోరు.

మంచం దగ్గరికి వెళ్లి పక్కన కూర్చోబోయాడు. అంతే, ఆదెమ్మ ముక్కుపుటాలు కదిలాయి. దగ్గర్నుంచి ఒకసారి వాసన పీల్చి, మొహం తిప్పేసుకుంది.

"చూశావా అక్కా. నేను చెప్పానా?"

"ఏంది?" అన్నాడు సంజీవరావు.

"సబ్బు వాసన. గంధం సబ్బు. కిందటి వారం ఫినాయిలు. అంతకు ముందు వచ్చినప్పుడు అదీ లేదు, ఇదీ లేదు, ఆసుపత్రి గోడ లాగా వచ్చావు. నా దగ్గరున్నన్నాళ్లూ గ్రీజు వాసన, కాలిన బ్రేకు వాసన. గుమ్మంలోకి రాకముందే సందు మొదట్లోనే తెలిసిపోయేది నువ్వొస్తున్నావని. ఇప్పుడెవరి బాత్రూములో స్నానం చేసి తయారై వస్తున్నావు బావా?"

సంజీవరావుకి నిజంగా అర్థం కాలేదు. 

"షాపులోనే చేస్తన్నా. కుళాయి కింద."

"ముప్పై ఏళ్లు లేని శుభ్రం నన్ను దిగబెట్టినాకే వచ్చిందా? కొత్త చొక్కా. ఇస్త్రీ మడత. ఇంటి నిండా సున్నం వేయిస్తన్నావంటగా, పక్కింటి సంపూర్ణమ్మ ఫోన్లో చెప్పింది. ఎవరొస్తున్నారని ఆ సున్నం? ఇప్పుడొచ్చి నా బొంత అడుగుతున్నావు." ఆగింది. ఊపిరి అందుకుంది. చివరి మాట చాలా మెల్లగా అంది. "దానిక్కూడా నా బొంతే పరుస్తావా?"

తెరేసమ్మ తోటకూర చాట పక్కన పెట్టేసింది.

కాలవ మీంచి గాలి వచ్చింది. ఉయ్యూరు వైపు నుంచి చెరకు ట్రాక్టరు ఒకటి హారను కొట్టుకుంటూ గట్టు మీద పోయింది. 

సంజీవరావు నేల చూపులు చూస్తున్నాడు. ఒక్క మాటతో ఈ అనుమానం తీరిపోతుంది. కానీ ఆ మాట చెప్పలేకే కదా, ఈ మనిషిని ఇక్కడికి చేర్చి, ఆ ఇంట్లో తను ఒక్కడూ తడిగుడ్డ పట్టుకుని గోడలు తుడుచుకుంటూ బతుకుతున్నది. పొద్దున లేస్తే రెండో పక్క ఖాళీ. టీ పెట్టుకుంటే రెండు గ్లాసులకి నీళ్లు పోస్తాడు. సాయంత్రం పని నుంచి వచ్చి దొడ్లో చాకిరేవు బండ మీద కూర్చుంటాడు, కూర్చోవడం అలవాటు కాబట్టి.

ఆ బండ మీదే తను టీ తాగుతుంటే, ఎదురుగా ఆదెమ్మ, విప్పి ఇచ్చిన ఖాకీ చొక్కాని గోడకేసి టపటపా కొట్టి దులిపేది. తెల్లటి దుమ్ము లేచేది. సాయంత్రపు ఎండ ఆ దుమ్ములో పడి మెరిసేది. "అమ్మో, లారీ మొత్తం ఇంటికి మోసుకొచ్చావు బావా," అని మొహం పక్కకి తిప్పి నవ్వేది. రోజుకంతటిలో ఆయనకి సుఖమంటూ ఉంటే అదొక్క పావుగంటే. ఇప్పుడా గోడ కడిగి సున్నం వేశాడు. సున్నం వేసినా, సాయంత్రమయ్యేసరికి చెవులు ఆ టపటపా కోసం వెతుకుతాయి.

నెల కిందట విజయవాడలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ, ఆదెమ్మ ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు రెండోసారి తీసిన రోజున, కాగితం మీద కలం పెట్టి అడిగింది. "ఏం పని చేస్తారమ్మా మీరు?"

"ఏం లేదండీ. ఇంట్లోనే ఉంటా."

"పొగాకు బ్యారన్? మిల్లు? క్వారీ? ఏదన్నా దుమ్ములో?"

"లేదండీ. ఏ పనీ చేయలేదు."

డాక్టరమ్మ రాసుకుంది. తర్వాత సంజీవరావుని వరండాలోకి పిలిచి, "మీరేం చేస్తారు?" అంది. చెప్పాడు. బ్రేకు డ్రమ్ముల్లో పేరుకున్న దుమ్ము గాలి పైపుతో ఊదడం, పాత లైనర్లు ఊడగొట్టడం, కొత్తవి అంచులు అరగదీయడం. ఆవిడ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది.

"సిమెంటు రేకుల్లో వేసే రాతినార ఉంటుంది చూశారా, పాత లైనర్లలో అదే. ఊదితే కంటికి కనపడనంత సన్నగా లేస్తుంది. బట్టల్లో దూరుతుంది. మీ బట్టలు ఎవరు ఉతుకుతారు?"

సంజీవరావు తన ఒంటి మీది చొక్కా వంక చూసుకున్నాడు.

ముక్క తీసి పంపిన పరీక్ష వస్తేగానీ ఖాయంగా చెప్పలేనంది ఆవిడ. లోపలికి పోయిన నార బయటికి రాదని, జబ్బు ఇరవై ముప్పై ఏళ్లకి గానీ బయటపడదని చెప్పింది. "మరి నాకేం కాలేదేంటి మేడమ్? మింగింది నేను గదా," అని అడిగాడు. "కొందరికి వస్తుంది, కొందరికి రాదు. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు," అంది. ఇల్లు చీపురుతో ఊడవొద్దంది. తడిగుడ్డ పెట్టమంది. పనిబట్టలు ఏమున్నా దులపకుండా తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి తీసేయమంది. అదయ్యేదాకా ఆమెని ఇంకెక్కడన్నా ఉంచమంది.

"ఆవిడకి మాత్రం చెప్పకండి మేడమ్," అని చేతులు పట్టుకున్నంత పని చేశాడు. ఆదెమ్మ బాధపడుతుందనే అడిగానని అప్పుడు అనుకున్నాడు. తర్వాత, ఖాళీ ఇంట్లో తడిగుడ్డ పిండుతుంటే, నిజం తెలిసింది. అడిగింది తన కోసమే. ఆ కళ్లు తన వైపు ఇంకోలా చూస్తే ఆ తర్వాత ఎక్కడికి పోవాలో తెలీక.

లైనర్ల పెట్టెల మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉండేది. చదవడం వచ్చినవాడు ఆ షాపులో ఒక్కడూ లేడు. చదవడం వచ్చినవాళ్లు ఆ షాపులోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఆ రాత ఇన్నేళ్లూ అట్టపెట్టె మీదే ఉంది.

అన్నీ మూటగట్టాడు. పాత చొక్కాలు, తుడుచుకునే గుడ్డలు, గోనెపట్టాలు. మొన్న మంచం కడుగుతుంటే, పట్టెల మధ్య ఖాళీ చూసి గుర్తొచ్చింది. బొంత! పైన చీర, కింద చీర, నడుమంతా తన పాత చొక్కాలే. అది లేకపోతే నిద్ర పట్టదని, ఆమె వద్దంటున్నా వినకుండా, చేతులారా చుట్టి ఆటోలో పెట్టి తెచ్చింది తనే.

"ఏం, పలకవేం?" అంది తెరేసమ్మ. "ఉంటే ఉందని చెప్పు. నా చెల్లెలు నాకు బరువు కాదు."

సంజీవరావు తలెత్తాడు.

"ఎవరూ లేరు వదినా. ఆదెమ్మ తోడు."

"నా మీద ఒట్టు పెట్టొద్దు," అంది ఆదెమ్మ. "నేనిప్పుడు ఒట్టుకి ఆగే స్థితిలో లేను."

 మంచం ముందు నేల మీద కూర్చున్నాడు. ఆమె కళ్లలోకి చూడలేదు. బొంత అంచు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఈ జబ్బు నాది ఆదెమ్మా."

"అంటే?"

"నాకు రావాల్సింది. నీకిచ్చా."

అర్థం కాలేదామెకి. తెరేసమ్మ వైపు చూసింది. తెరేసమ్మకీ కాలేదు.

"షాపులో దుమ్ముంది చూడు, బ్రేకు దుమ్ము. అందులో నార ఉంటదంట. అది ఊపిరితిత్తులకి పట్టిద్దంట. డాక్టరమ్మ చెప్పింది."

"షాపులో దుమ్ము నాకెట్టా పట్టిద్ది? నేనెప్పుడన్నా షాపుకొచ్చానా? ఆయుధపూజ రోజు బూందీ పంచుతారని రమ్మంటే కూడా రాలేదే!"

"నువ్వు రాలేదు. నేనే తెచ్చా. చొక్కాలో."



చెప్పాడు. డాక్టరమ్మ చెప్పిందంతా, తనకి అర్థమైనంతవరకు, ముందుది వెనక, వెనకది ముందు చేసి చెప్పాడు. షాపులో స్నానం ఎందుకో, సున్నం ఎందుకో, ఫినాయిలు ఎందుకో, ఇరవై మూడు రోజులు ఎందుకో. పరుపు ఎందుకో. చెప్తున్నంతసేపూ బొంత అంచు మీద దారపు కుట్లు లెక్కపెడుతున్నట్టు వేలితో తడుముతూనే ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చి, కాలినట్టు వేలు వెనక్కి తీసుకున్నాడు.

ఆదెమ్మ అడిగింది.

"రోజూ గోడకేసి దులిపేదాన్నే, అదా?"

"ఆ."

"నీళ్లలో పెట్టేముందు నోటితో ఊదేదాన్ని జేబులు."

"ఆ."

"నాకేం తెలుసు? జేబులో మేకులుంటాయని ఊదేదాన్ని."

"నాకు మాత్రం తెలుసా?"

"డాక్టరమ్మ అడిగితే ఏ పనీ చేయలేదని చెప్పా గదా," అంది ఆదెమ్మ. నవ్వొచ్చినట్టుంది, నవ్వలేదు. "రాసుకుంది కూడా. అది పని కాదనుకున్నా. రోజూ చేసేది పనెట్టా అయిద్దని."

తెరేసమ్మ ముక్కు చీదింది. కొంగుతో మొహం తుడుచుకుని, తన ఇరవై మూడు రోజుల బోధ ఎక్కడ దాచుకోవాలో తెలీనట్టు తోటకూర చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. తుంచిన కాడలే మళ్లీ తుంచింది.

"డయానా అక్కడే ఆడుకునేది," అంది ఆదెమ్మ ఉన్నట్టుండి.

సంజీవరావు కళ్లు మూసుకున్నాడు. ఆ మాట ఎవరి నోటా రాకూడదని నెల రోజులుగా మోకరించి అడుగుతున్నాడు. దుమ్ములో ఎండ మెరిస్తే రెండు చేతులూ చాచి పట్టుకోబోయేది కూతురు, మూడేళ్లప్పుడు. ముగ్గురూ నవ్వేవాళ్లు.

"దానికేం కాదు. డాక్టరమ్మని అడిగా. అందరికీ రాదంట."

"నాకొచ్చిందిగా."

 

ఆదెమ్మ పిడికిళ్లు తెరుచుకున్నాయి. ఆమె తెరిచినట్టు లేదు, వాటంతటవే తెరుచుకున్నాయి. మంచం పట్టె పట్టుకుని మెల్లగా కాళ్లు కిందికి దించింది. సంజీవరావు లేచి చెయ్యి అందివ్వబోయాడు. ఆమె ఆ చేతిని చూసింది. నెల కింద అయితే చూడకుండానే పట్టుకునేది. ఇప్పుడు చూసింది. చూసి, పట్టుకుంది.

ఆ ఒక్క చూపుకే ఆయన నెల రోజులుగా భయపడింది.

"కోపంగా ఉందా?" అన్నాడు.

"తెలీదు బావా. ఊపిరి సరిగ్గా అందితే అప్పుడు చూస్తా కోపం సంగతి." తెరేసమ్మ వేసిన కుర్చీలో కూర్చుంది. "ఏం చేస్తావు దాన్ని?"

"తడిపి మూట కడతా. దులపకూడదంట."

"ఒక్క మాట." ఆమె చూపు బొంత మీద ఉంది. "నడుమ ఒక చొక్కా పెట్టా. మిగతావి ఉతికినవే. అదొక్కటీ ఉతకలేదు."

"ఎందుకని?"

"డయానా కడుపులో ఉన్నప్పుడు నన్ను ఈ ఊళ్లోనే గదా దిగబెట్టావు, మా అమ్మ దగ్గర. వారం వారం వస్తానన్నావు. ఒక్కసారి వచ్చావు. పని మీద నుంచి తిన్నగా వచ్చి, వానకి తడిచి, చొక్కా విప్పి మా నాన్న చొక్కా తొడుక్కుని పోయావు. మళ్లీ మూడు నెలలు లేవు. లారీలన్నీ నీ ప్రాణానికే చెడిపోయినట్టు." మాటకి మాటకి మధ్య ఊపిరి. "ఆ చొక్కా మొహాన వేసుకుని పడుకునేదాన్ని. మా అమ్మ చూసి నవ్విద్దని, బొంత కుడుతూ నడుమ పెట్టేశా. ఉతికితే నీ వాసన పోయిద్దని ఉతకలేదు. సరిగ్గా నా తల కిందికి వచ్చేట్టు పెట్టా."



"ఇరవై ఏడేళ్లు," అన్నాడు.

"ఊఁ. నువ్వు పక్కనే పడుకున్నా, తల దాని మీదే." ఆమె కళ్లలో నీళ్లు లేవు. "ఈ ఇరవై మూడు రోజులూ నీ మీద అనుమానంతోనే పడుకున్నా. తల మాత్రం మొన్నటిదాకా అక్కడే పెట్టా. అలవాటు."

బయట బోరింగు కొట్టుకుని బకెట్టు నీళ్లు తెచ్చాడు. ప్లాస్టిక్ సంచులు తీశాడు. మూతికి తువ్వాలు కట్టుకున్నాడు. ముప్పై తొమ్మిదేళ్ల పనిలో ఏనాడూ కట్టుకోని తువ్వాలు. వదిననీ, ఆదెమ్మనీ వీధి అరుగు మీదికి పొమ్మన్నాడు. ఆదెమ్మ గడప దాకా పోయి, అక్కడే ఆగింది. పొమ్మని మళ్లీ చెప్పే ధైర్యం లేకపోయింది.

చెంబుతో నీళ్లు పోసి, పైచీర మొత్తం నానేదాకా తడిపాడు. నీళ్లు కారుతుంటే రెండు చేతులతో జాగ్రత్తగా చుట్టడం మొదలుపెట్టాడు. రెండు చుట్లు తిప్పాడు. మూడో చుట్టుకి చేతులకి ఏమీ తగల్లేదు.

ఆగాడు. మంచానికి అటు చివర చూశాడు.

బొంత మంచం సగానికే ఉంది. ఇందాక ఆమె దాని మీదే ముడుచుకుని కూర్చుంటే కనపడలేదు. పాత అంచు మూడు వైపులే. నాలుగో వైపు కొత్త తెల్లదారం, పెద్దపెద్ద కుట్లు. చేతిలో సత్తువ లేని మనిషి వేసిన కుట్లు.

"ఆదెమ్మా. మిగతా సగం ఏదీ?"

గడప దగ్గర ఆదెమ్మ తలుపు చెక్క పట్టుకుంది. ఇందాక ఒక్క మాట అని మొదలుపెట్టి, చెప్పలేకపోయింది ఇదే.

"కత్తిరించావా? ఇక్కడే? ఈ గదిలో?"

"పాత గుడ్డ గదా. మెత్తగా ఉంటదని." ఆదెమ్మ గడప మీద కూర్చుంది. "డయానా తొలికాన్పు మనింట్లో చేయాల్సింది. అత్తారింట్లో కనాల్సొచ్చింది దానికి, నా వల్ల. పిల్ల పుట్టి పదకొండు రోజులు. ఎత్తుకోలేదు నేను. ఈ దగ్గుతో పోతే అంటుకుంటదేమోనని పోలేదు. నేనెట్టాగూ పోలేను. నాది ఏదన్నా దాని కింద ఉండాలని..."

"ఎవరు తీసుకెళ్లారు?"

"ఆదివారం పూజ అయినాక జాన్సన్ వచ్చాడు, పిల్ల ఫొటోలు చూపిస్తానని. అతని బండి మీద పంపా."

అల్లుడు జాన్సన్‌వాళ్ల ఇల్లు ఇబ్రహీంపట్నంలో. ఆదివారం నుంచి ఇవాళ్టికి నాలుగు రోజులు.

"ఏ సగం పంపావు?" అన్నాడు సంజీవరావు. అడగకుండానే తెలుసాయనకి.

"తలవైపు," అంది ఆదెమ్మ.

తడిచేతులు చొక్కాకి తుడుచుకుని ఫోను తీశాడు. వేళ్లు జారాయి. రెండోసారికి నంబరు కలిసింది. గడప దగ్గరికి వచ్చి, ముగ్గురికీ వినపడేట్టు స్పీకరు పెట్టాడు.

"డాడీ!" డయానా గొంతు. అలసటలో కూడా కులాసాగా ఉంది. "అమ్మ దగ్గరికెళ్లావా? ఎట్టా ఉంది?"

"బాగుందమ్మా. పాప..."

"ఇప్పుడే పడుకుంది. మెల్లగా మాట్లాడు. అమ్మకి చెప్పు డాడీ, ఆ బొంత మీద వేస్తే చాలు, కిక్కురుమనకుండా పడుకుంటది. మా అత్త కొన్న పరుపు మీద ఒక్క నిమిషం ఉండదు. పొద్దున పాలు కక్కితే ఎండలో వేశా. అబ్బ, ఎంత దుమ్మో దాంట్లో! అమ్మ నీ చొక్కాలు దులిపేది గుర్తుందా? అట్టానే, గోడకేసి టపటపా కొట్టి దులిపా. మా అత్త నవ్వింది, మీ అమ్మ నేర్పిందా అని."

సంజీవరావు నోరు తెరిచాడు. నెల రోజులు దాచిన నోరు, ఇందాక ఒకసారి చెప్పి అలిసిపోయిన నోరు. అది మళ్లీ మూతపడింది. నాలుగు రోజుల్లో ఏమీ కాదు, ఏళ్ల మీద వచ్చే జబ్బు అని డాక్టరమ్మ మాట ఒకటి గుర్తుచేసుకోబోయాడు. ఆ మాట పెద్దవాళ్ల గురించి చెప్పిందా, పదకొండు రోజుల పిల్ల గురించి కూడానా, అడగలేదు తను.

"డాడీ? వినపడుతోందా?"

ఆదెమ్మ చెయ్యి చాచి ఫోను తీసుకుంది.

"డయానా. ముందు పాపని ఎత్తుకో."

"ఇప్పుడే పడుకుందమ్మా!"

"లేస్తే లేవనీ. ఎత్తుకో. దాన్ని ముట్టుకోకుండా, దులపకుండా, పిల్లని తీసుకుని ఇవతలి గదిలోకి రా."

అవతల మంచం కిర్రుమన్న చప్పుడు. పసిపిల్ల ఒక్కసారి కేరుమంది. సంజీవరావు ఆ గొంతు వినడం అదే మొదలు. ఆదెమ్మ వినడం కూడా అదే మొదలు. ఇద్దరూ ఆ ఏడుపుని ఫోనులోంచి తాగినట్టు విన్నారు.

"ఎత్తుకున్నా. ఏంటమ్మా? ఏముంది ఆ బొంతలో?"

ఆదెమ్మ భర్త వైపు చూసింది. ఆయన చొక్కా అంచు నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. వెనక మంచం మీద సగం బొంత తడిసి ముద్దగా పడి ఉంది.

ఆమె మెడ ముందుకు సాచింది. నోరు తెరిచి, ఒక మాటకి సరిపడా గాలి కూడదీసుకుంటోంది. ఆ గాలి తన పేరు చెప్పడానికో, తన పేరు దాచడానికో సంజీవరావుకి తెలియలేదు.

"అమ్మా?" అంది డయానా. "చెప్పమ్మా. ఏముంది?"